ఏం సెంటు వాడతావక్కా?

ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీద మా లాడ్జి.
బయట నుంచి చూస్తే అంతా అద్దమే,
అద్దానికి రెక్కలుండవు.
మూడో అంతస్తులో నిలబడితే బస్టాండు కనపడుద్ది,
బస్టాండు గాలి మాత్రం రాదు.

పదకొండుకి గదులు ఖాళీ అవుతాయి.
మొన్న మూడొందల ఏడులో పెళ్ళివాళ్ళు దిగారు.
దిండు కింద నలిగిన మల్లెలు,
సోపు గిన్నెలో సిగరెట్ పీకలు,
బిర్యానీ ఎముకలు, పసిబిడ్డ కక్కిన పాలు.
మనుషుల వాసనకి నేనెప్పుడూ దగ్గలేదు.
దగ్గు వచ్చేదల్లా
దాన్ని చంపే వాసనకే.

నీలం సీసా అద్దానికి. పచ్చది నేలకి.
ఎర్రమూత దాని మీద పుర్రె బొమ్మ ఉండేది,
తడికి నాని ఊడిపోయింది.
చదువు రాని నాకు
ఆ సీసా మీద అర్థమైంది ఆ బొమ్మొక్కటే.

బాత్రూం తలుపేసుకుని రుద్దాలి,
లేకపోతే కార్పెట్టుకి వాసన పట్టుద్దంట.
ఎర్రమూతదీ తెల్లసీసాదీ కలిపితే
మరక తొందరగా పోద్దని ఎవరో చెప్పారు.
నిజమే, పోయింది.
నేనూ సగం పోయి
లిఫ్టు పక్కన బకెట్టు బోర్లించుకుని కూలబడ్డా.
సూపర్‌వైజరు నిమ్మసోడా తెప్పించాడు, మంచోడే,
"నీకు వాసన పడలేదులే మస్తానమ్మా" అన్నాడు.
పద్నాలుగేళ్ళుగా పడతానే ఉందయ్యా,
పడీ పడీ ఇక్కడ పేరుకుంది.

మా ఆయన దానయ్య చీమకుర్తి క్వారీలో రాయి కోసేవాడు.
సాయంత్రం ఇంటికొస్తే
కనురెప్పలు కూడా ముసలోడివి.
ఆ దుమ్ము కనపడేది. తువ్వాలు విదిలిస్తే రాలేది.
పెద్దాసుపత్రిలో ఫిల్ము వెలుగుకి పట్టి
ఇదిగో ఇక్కడ ఉండాదని డాక్టరు వేలు పెట్టి చూపించాడు.
నాది యాడ చూపించను?
నా పైట విదిలిస్తే
నిమ్మకాయ వాసన వస్తది.
బస్సులో పక్కన కూర్చున్న పిల్ల అడిగింది,
"ఏం సెంటు వాడతావక్కా?"

లాడ్జి ముందు హాల్లో పరిచింది చీమకుర్తి రాయే.
చుక్కలు చుక్కలుగా మెరుస్తది.
ఏ పలక మీద ఆయన చెయ్యి పడిందో తెలీదు,
అందుకని అన్నిట్నీ ఒకేలా తుడుస్తా.

పోయిన నెల టై కట్టుకున్న అబ్బాయొకడు వచ్చాడు,
చేతిలో సబ్బుపెట్టెంత మిషను.
గాలి కొలుస్తదంట, కొలిస్తే లాడ్జికి ఇంకో స్టారంట.
మూడొందల ఏడులో పెట్టాడు, పచ్చ దీపం.
ముందు హాల్లో పెట్టాడు, పచ్చ దీపం.
మెట్ల కింద మా గది ముందు ఆగాడు.
తడి దుప్పట్లు, సీసాలు, వాషింగ్ మిషను ఆవిరి,
సీసాల పక్కనే మా టిఫిను క్యారియర్లు,
కిటికీ లేని గోడకి
సముద్రం బొమ్మున్న క్యాలెండరు.
"ఇది గెస్టులది కాదు గదా" అన్నాడు మేనేజరు.
అబ్బాయి మిషను ఆపటం మర్చిపోయాడు.
గడప మీదే అది ఎర్రగా వెలిగి కీచుమంది.
నేనూ చిట్టెమ్మా అన్నంలో గోంగూర కలుపుకుంటా
తలెత్తి చూశాం.
"బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నాడు మేనేజరు.
అబ్బాయి మా వంక చూసి,
చూపు దించి, జిప్పు లాక్కున్నాడు.

స్టారు వచ్చింది. బోర్డు మీద లైటు కూడా పెట్టారు.

మేం మాత్రం క్యారియర్లు మేడ మీదకి మార్చాం.
వాటర్ ట్యాంకు నీడలో కూర్చుంటాం.
మూడు దాటితే కొత్తపట్నం వైపు నుంచి గాలి లేస్తది,
ఉప్పుప్పగా, ఎండుచేపల నీచు మోసుకుంటా.
చిట్టెమ్మ ముక్కు మూసుకోదు,
నోరు కూడా తెరుస్తది.

కింద నుంచి కేక.
మూడొందల ఏడులో ఏదో వాసనొస్తందంట,
స్ప్రే కొట్టాలంట.
కొడతా.
ఈ ముద్ద మింగనీ.